బల్ల సల్లగున్నది

చీటీ మీద రాసింది: ఎడమ తొడ, రెండు వైపులా.
కుసుమ ఓదెలు. యాభై ఏడు. కొత్తవాడ.
హన్మకొండ చౌరస్తా పక్క సెల్లారులో
తలుపుకు సీసం రేకు వేసిన నా గదిలోకి
కుంటుకుంట వచ్చి, వెల్లకిలా పండి, మొదలు అన్నమాట:
"బిడ్డా, బల్ల సల్లగున్నది."

జంపఖానాల మగ్గం. గుంటలో కాళ్లు.
నలభై ఏండ్లు తొక్కుడు చెక్కను ఎడమ కాలే తొక్కిందట,
నొప్పి అందుకే అనుకున్నడు.
ఆరెంపీ నడుము నరమన్నడు, సూదులిచ్చిండు.
వర్ధన్నపేట దిక్కు ఎవరో పసరు కట్టు కట్టిన్రు.
రెండేండ్లు.
"పగలు పనిల పడి మర్చిపోత.
రాత్రి అందరు పన్నంక అది లేస్తది."

"కదలకు పెద్దయ్యా" అని అద్దం ఎనుకకు పోయిన.

తెర మీద బొక్క తేలింది.
దాని కడుపులో పేలాలు.
తొలి ఏకాదశికి మా అమ్మ మంగలంలో వేయించే జొన్న పేలాలే,
తెల్లగ, గుండ్రంగ, పగిలి, ఒకదాని మీద ఒకటి.
లోపలినుంచి ఎవరో గోటితో గోకినట్టు
పలుచనైన గోడ.
కీలు కాడ ఒదిగి ఉండాల్సిన మెత్తటి మృదులాస్థి
హద్దు మరిచి ఇల్లు కట్టుకున్నది.
ఆ ఏడు నేను పేలాల పిండి ముట్టలేదు.

"మంచిగొచ్చిందా బిడ్డా?"
చెప్పే హక్కు నాది కాదు.
"పటం మంచిగొచ్చింది" అన్న.

తర్వాతి సంగతులు ముక్కలు ముక్కలుగ తెలిసినయి.
ఎమ్మారై అయింది.
ఇక్కడొకాయన "రేపే ముక్క తీసి చూద్దాం" అన్నడట.
మా డాక్టరమ్మ సువర్చల ఫోన్ చేసి మరీ ఆపింది.
రేపు గడ్డను కోసే చెయ్యే ఇయ్యాల సూది పెట్టాలె,
సూది పోయిన తొవ్వను గూడ కోసి తియ్యాలె,
పట్నం పంపున్రి, అన్నది.
పట్నంల రెండో గ్రేడని తేల్చిన్రు.

సారక్క రిపోర్టుల సంచి పట్టుకొని నా తలుపు కాడ నిలబడ్డది:
"క్యాన్సరంటె మందెక్కియ్యరా? కరెంటు పెట్టరా?
మా కాడ పైసల్లేవనే గదా?"
జవాబు ఓదెలే చెప్పిండు, నాకంటె మంచిగ:
"దానికి నెత్తురు తొవ్వ లేదే.
రోడ్డు లేని ఊరికి బస్సెట్లొస్తది? కోసుడే."
ఎంత కోస్తరని ఆమె.
"జంపఖానను పురుగు కొడితే బొక్క కాడ కత్తిరిస్తమా?
పోగు గట్టిగున్న కాడిదాక పోయి కత్తిరిస్తం.
మంచిది జరంత పోతది. పోనీ."

మా దిక్కు చిల్లునూ బొక్కే అంటం,
ఎముకనూ బొక్కే అంటం.

నాలుగు నెలలకు చేతికర్రతో వచ్చిండు.
ఈసారి చీటీ మీద తొడతో పాటు ఛాతీ.
ఊపిరితిత్తులకు ఏమన్న పాకిందేమోనని
ఇక మూడు నెలలకోసారి చూడాలె, ఏండ్ల కొద్దీ.
తొడలో ఇనుము. తెర అంతా దాని తెలుపే.
పేలాలు ఒక్కటి లేవు.
"మేడారంల నిలువెత్తు బంగారం తూగితే
ఆ ఇనుముకు గూడ బెల్లం పడ్డది" అని సారక్క గొణిగింది,
నవ్వు ఆపుకుంట.
మగ్గం గుంటలోకి దిగలేడు. అరుగు మీద కూసోని కండెలు చుడుతడు.
మగ్గం అమ్మిన్రా అని అడిగిన. ఇద్దరూ పలకలేదు.

"ఊపిరి గట్టిగ పీల్చు పెద్దయ్యా. పట్టు. ఇగ ఇడువు."

అంగీ తొడుక్కున్నంక
సంచిలకెంచి మడత పెట్టిన జంపఖాన తీసిండు.
ఎరుపు మీద నల్ల చారలు, ఒక అంచు వంకర.
గుంటలో కూసున్నప్పటి ఆఖరిదట, నొప్పి మీద నేసిందట.
నా బల్ల మీద పరిచి, అరచేత్తో సదిరి,
"నూలు పటంల కనబడదు గద బిడ్డా?" అన్నడు.

కనబడదు పెద్దయ్యా.
ఇది మాత్రం నేను చెప్పొచ్చు.

బయట పేరు పిలుస్తున్నరు.
తర్వాతి చీటీ: కుడి భుజం.